రెండు బంగారు చుక్కలు, ఒక నీటిబొట్టు: ఆర్గానిక్ ట్రాన్సిస్టర్ సెన్సర్ అసలు దేన్ని చూస్తుంది?

వేలెడంత ప్లాస్టిక్ పట్టీ అనుకోండి. దాని కొసన పక్కపక్కనే రెండు బంగారు చుక్కలు, ఒక్కోటీ చదరపు మిల్లీమీటరు. అక్కణ్ణుంచి సన్నటి తీగలు బయల్దేరి రెండో కొసన ఉన్న ట్రాన్సిస్టర్లలో కలుస్తాయి. చుక్కల మీద నీటిబొట్టు వేస్తారు. అప్పటిదాకా కంప్యూటర్ తెర మీద కదలకుండా ఉన్న గీత మెల్లగా ఎడమకి జరగడం మొదలుపెట్టి, కొన్ని నిమిషాలకి ఆగుతుంది. జరిగింది ఎంతో కాదు, తొమ్మిది మిల్లీవోల్టులు. పక్కన కూర్చున్న పరిశోధకుడు నోట్సులో "సీసం ఉంది" అని రాసుకుంటాడు.

ఇలాంటి సెన్సర్ల గురించి "లోహాలను గుర్తుపట్టే ట్రాన్సిస్టర్", "అమైనో ఆమ్లాలను పసిగట్టే ప్లాస్టిక్ చిప్" అని చదువుతూ ఉంటాం. ఆ మాటల్లోనే చిక్కంతా ఉంది. ట్రాన్సిస్టర్‌కి సీసం తెలీదు, పాదరసం తెలీదు, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం అసలే తెలీదు. తన గేట్ మీద వోల్టేజ్ ఎంతుందో మాత్రమే దానికి తెలుస్తుంది. గుర్తుపట్టే పని బంగారు చుక్క మీద పూసిన రసాయనానిది. ఈ ఇద్దరి పనీ విడదీసి చూస్తే, ఏ గొప్ప ట్రాన్సిస్టర్‌ది, ఏ లోపం రసాయనానిది అన్నది తేలుతుంది. రెండో చుక్క ఎందుకన్నది చివర్లో చూద్దాం.

ఎంత తక్కువని వెతుకుతున్నాం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆర్సెనిక్‌కీ అదే హద్దు. అకర్బన పాదరసానికి 6, కాడ్మియంకి 3. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. అంకె చిన్నదని తెలుస్తుంది గానీ ఎంత చిన్నదో మనసుకి అందదు. అందుకే అణువుల లెక్కలోకి మార్చి చూద్దాం.

సీసం పరమాణు భారం 207. లీటరుకి 10 మైక్రోగ్రాములంటే దాదాపు 48 నానోమోలార్ (మోలార్ అంటే లీటరులో ఎన్ని కణాలున్నాయో చెప్పే కొలమానం). పది మైక్రోలీటర్ల బొట్టు, అంటే కంటికి ఆనే చిన్న బొట్టు తీసుకుంటే, అందులో సుమారు 29 వేల కోట్ల సీసం అయాన్లుంటాయి. చాలా ఎక్కువే అనిపిస్తుంది. అదే బొట్టులో నీటి అణువులెన్నో చూస్తే సంగతి తిరగబడుతుంది: దాదాపు 115 కోట్ల నీటి అణువులకి ఒక్క సీసం అయాన్. ఆ ఒక్కదాన్ని పట్టుకోవాలి.

ఇప్పటికే ఈ పని చేసే యంత్రాలు లేకపోలేదు. ఆర్గాన్ వాయువును వేల డిగ్రీల ప్లాస్మాగా మార్చి, నమూనాలోని లోహాలను అయాన్లుగా విడగొట్టి, బరువును బట్టి లెక్కపెట్టే మాస్ స్పెక్ట్రోమీటర్లున్నాయి. ఖచ్చితత్వంలో వాటికి తిరుగులేదు. కాకపోతే అవి చేత్తో మోసుకెళ్లేవి కావు, గ్యాస్ సిలిండర్లు కావాలి, నడిపేందుకు శిక్షణ పొందిన మనిషి కావాలి, నమూనా అక్కడిదాకా ప్రయాణం చేయాలి. నీళ్లున్న చోటే కొలవగలిగితే బాగుంటుందన్న కోరికే ఈ సెన్సర్ల వెనకున్న తొందర.

అమైనో ఆమ్లాల కథ వేరు. మన ప్రోటీన్లు కట్టే ఇటుకలివి, మామూలుగా లెక్కలోకి వచ్చేవి ఇరవై. రక్తంలో వీటి మోతాదు మారడం కొన్ని జబ్బులకు గుర్తు. ఫినైల్‌కీటోనూరియా అనే పుట్టుకతో వచ్చే లోపంలో ఫినైల్‌అలనిన్ శరీరంలో పేరుకుపోయి పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. మామూలు బిడ్డ రక్తంలో అది 120 మైక్రోమోలార్‌కి లోపే ఉంటుంది. జబ్బు తీవ్రంగా ఉంటే 1200 దాటుతుంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ నుంచి రక్తపుచుక్క తీసి కాగితం మీద ఆరబెట్టి పరీక్షించే పద్ధతిని 1960ల్లో రాబర్ట్ గుత్రీ తెచ్చాడు.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. సీసం హద్దు 48 నానోమోలార్, ఫినైల్‌అలనిన్ మామూలు హద్దు 120 మైక్రోమోలార్. రెండోది మొదటిదానికి 2500 రెట్లు. లోహం విషయంలో కష్టం మోతాదు తక్కువ కావడం. అమైనో ఆమ్లం విషయంలో కావలసినంత సరుకుంది, పోలికలున్న అన్నదమ్ములు మాత్రం పంతొమ్మిది మంది.

కాలవ, లాకు, కార్బన్

ట్రాన్సిస్టర్‌ని ఒక కాలవ అనుకుందాం. ఇంజినీర్లు కూడా దాన్ని ఛానెల్ అనే అంటారు. ఒక కొస సోర్స్, రెండో కొస డ్రెయిన్. మధ్యలో లాకు లాంటిది గేట్. లాకు తలుపుని కాస్త ఎత్తినా దించినా కాలవలో ప్రవాహం ఎంతో మారుతుంది. గేట్ మీద వోల్టేజ్ కొద్దిగా మారితే ఛానెల్‌లో కరెంటు చాలా మారుతుంది. సెన్సర్‌లో మనం చేసేదల్లా ఆ లాకు తలుపుని నీటిబొట్టు చేతికివ్వడం.

ఆర్గానిక్ అనగానే రసాయనాలు వేయని పంట గుర్తొస్తుంది. ఇక్కడ దానికి కార్బన్ ఆధారిత పదార్థమని అర్థం. ప్లాస్టిక్ అంటే కరెంటుకి అడ్డుగోడ అని అందరం నేర్చుకున్నాం. 1977లో అలన్ హీగర్, అలన్ మెక్‌డైర్మిడ్, హిడెకి షిరకావా పాలిఅసిటిలీన్‌కి అయోడిన్ పట్టించి ఆ పాఠాన్ని తిరగరాశారు. 2000లో వాళ్లకి రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. ఈలోపే 1984లో మార్క్ రైటన్ బృందం పాలిపైరోల్‌తో, 1986లో జపాన్ పరిశోధకులు పాలిథయోఫీన్‌తో ట్రాన్సిస్టర్లు చేసి చూపించారు.

వేగంలో ఇవి సిలికాన్ దరిదాపులకి కూడా రావు. మంచి సిలికాన్ స్ఫటికంలో ఎలక్ట్రాన్ల చలనశీలత 1400 దాకా ఉంటే, చాలా ఆర్గానిక్ పదార్థాల్లో ఆవేశాల చలనశీలత అదే కొలమానంలో ఒకటీ, అటూఇటూ. కానీ నీటిబొట్టులో అయాన్ మెల్లగా ఈదుకుంటూ వచ్చి చుక్క మీద వాలడానికే నిమిషాలు పడుతుంది. అలాంటప్పుడు ట్రాన్సిస్టర్ మైక్రోసెకన్లలో స్పందించి ఏం చేస్తుంది? ఈ పదార్థాల బలం వేరేచోట ఉంది. వీటిని ద్రావకంలో కరిగించి సిరాలా అచ్చు వేయవచ్చు. ప్లాస్టిక్ కరిగిపోనంత తక్కువ వేడిలో పని అయిపోతుంది. వంగుతాయి. అణువు ఆకారాన్ని రసాయన శాస్త్రవేత్త తనకు కావలసినట్టు మార్చుకోవచ్చు.

నీళ్లతో పెట్టుకుంటే వచ్చే ఇబ్బంది

మొదటి తరం ఆర్గానిక్ ట్రాన్సిస్టర్లు నడవడానికి పదుల వోల్టులు కావాల్సి వచ్చేది. నీటికి 1.23 వోల్టులు దాటితే అది హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోవడం సాధ్యమవుతుంది. అంటే నీళ్లని కొలవడానికి వెళ్లి నీళ్లనే పగలగొట్టుకుంటాం. పైగా ఆర్గానిక్ పొరలు చాలావాటికి తేమ, ఆక్సిజన్ పడవు. ఈ ఇబ్బందిని తప్పించుకోవడానికి మూడు దారులు వాడుకలోకి వచ్చాయి.

ఒకటి, నీటినే గేట్‌కీ ఛానెల్‌కీ మధ్య పొరగా వాడటం. ఆవేశమున్న ఏ ఉపరితలం దగ్గరైనా నీటిలోని అయాన్లు బారులు తీరి నానోమీటరు మందాన ఒక జంట పొరగా ఏర్పడతాయి. అంత సన్నటి పొర కాబట్టి ఒక వోల్టుకి లోపలే ట్రాన్సిస్టర్ నడిచిపోతుంది. రెండోది ఎలక్ట్రోకెమికల్ ట్రాన్సిస్టర్. ఇందులో అయాన్లు ఛానెల్ ఉపరితలం దగ్గర ఆగకుండా లోపలికే చొరబడతాయి. పెడాట్–పీఎస్ఎస్ అనే పాలిమర్ ఛానెల్‌లోకి ధన అయాన్లు దూరితే అక్కడ కరెంటు మోసే వాహకాలు తగ్గిపోతాయి. పొర మందమంతా పనిచేస్తుంది కాబట్టి చిన్న వోల్టేజ్‌కి పెద్ద కరెంటు మార్పు వస్తుంది.

మూడోది నాకు అన్నిటికన్నా తెలివైనదిగా కనిపిస్తుంది: ట్రాన్సిస్టర్‌ని అసలు నీటిలో ముంచకపోవడం. గేట్‌కి ఒక తీగ తగిలించి, ఆ తీగ చివర బంగారు చుక్క పెట్టి, చుక్కని మాత్రమే తడపడం. దీన్ని ఎక్స్‌టెండెడ్ గేట్ అంటారు. మన పట్టీ ఈ రకమే. బొట్టులో ఒక రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (పోలికకి స్థిరంగా ఉండాల్సిన కొస) కూడా ఉంటుంది, వోల్టేజ్‌ని దాని ద్వారా ఇస్తారు. చుక్క పాడైతే చుక్కని మారుస్తారు, ట్రాన్సిస్టర్ పొడిగా, క్షేమంగా ఉంటుంది.

తొమ్మిది మిల్లీవోల్టుల లెక్క

ఇప్పుడు ఆ గీత ఎందుకు జరిగిందో చూద్దాం. సీసం అయాన్ మీద రెండు ధనావేశాలుంటాయి. బంగారు చుక్క మీది రసాయనం (దీన్నే రిసెప్టర్ అంటారు) దాన్ని పట్టుకోగానే ఆ ఉపరితలం కాస్త ధనాత్మకమవుతుంది. తీగ గుండా ఆ మార్పు గేట్‌కి చేరుతుంది. మన ట్రాన్సిస్టర్ పి-రకం, అంటే ఋణ వోల్టేజ్ ఇస్తే తెరుచుకునేది. గేట్ ధనం వైపు జరిగింది కాబట్టి కరెంటు తగ్గుతుంది. మునుపటి కరెంటే రావాలంటే ఇంకాస్త ఎక్కువ ఋణ వోల్టేజ్ ఇవ్వాలి. తెర మీది గీత ఏ గేట్ వోల్టేజ్‌కి ఎంత కరెంటో చూపేది, ఋణ వోల్టేజ్ ఎడమ వైపు ఉంటుంది. అందుకే గీత ఎడమకి జరిగింది.

ఎంత జరగాలి? ఎలక్ట్రోకెమిస్ట్రీలో నెర్న్స్ట్ సూత్రం దీనికొక ఆదర్శ హద్దు చెబుతుంది. 25 డిగ్రీల దగ్గర, రెండు ఆవేశాలున్న అయాన్ గాఢత పది రెట్లు పెరిగితే ఉపరితల వోల్టేజ్ 29.6 మిల్లీవోల్టులు మారుతుంది. గాఢత రెండింతలైతే 8.9. మనం చూసిన తొమ్మిది మిల్లీవోల్టులు ఇవే. అసలు సెన్సర్లలో ఈ సూత్రం అచ్చంగా నడవదు, రిసెప్టర్ పొరలు తమ దారిన తాము వంకర్లు పోతాయి. అంచనాకి ఇది చాలు.

ట్రాన్సిస్టర్ దీన్ని ఎంతగా పెంచి చూపిస్తుంది? కరెంటు పదో వంతుకి తగ్గడానికి గేట్ మీద 200 మిల్లీవోల్టులు కావాల్సిన ఆర్గానిక్ ట్రాన్సిస్టర్ ఉందనుకుందాం. మొదట కరెంటు 100 నానోఆంపియర్లు. సీసం రెండింతలైతే అది 90కి పడుతుంది. పది రెట్లైతే 71కి. గది ఉష్ణోగ్రతలో మామూలు ట్రాన్సిస్టర్‌కి సాధ్యమైనంత మంచి విలువ 60 మిల్లీవోల్టులు. అలాంటిది దొరికితే పది రెట్ల మార్పుకి కరెంటు 100 నుంచి 32కి దిగుతుంది.

ఇక్కడో సంగతి గమనించాలి. హానికరమైన నీటికీ ఫర్వాలేని నీటికీ మధ్య రెండింతల తేడాయే ఉండొచ్చు. ఆ తేడాని మోసుకొచ్చేది తొమ్మిది మిల్లీవోల్టులు. ఇంకే కారణం చేతనైనా గేట్ తొమ్మిది మిల్లీవోల్టులు జరిగితే అది కూడా అచ్చం సీసంలాగే కనిపిస్తుంది.

పట్టుకునే చేతులు

రసాయన శాస్త్రంలో గట్టి అయాన్లు, మెత్తని అయాన్లు అనే విభజన ఒకటుంది, 1963లో రాల్ఫ్ పియర్సన్ పెట్టింది. కాల్షియం లాంటి గట్టి అయాన్లు ఆక్సిజన్ లాంటి గట్టి జోడీని కోరతాయి. పాదరసం మెత్తనిది, అది గంధకం కనిపిస్తే వదలదు. గంధకం–హైడ్రోజన్ జతని మోసే అణువులకు 19వ శతాబ్దంలోనే మెర్కాప్టాన్లు అని పేరు పడింది. లాటిన్‌లో దానర్థం పాదరసాన్ని పట్టేవి అని. పేరు పెట్టినప్పుడు ట్రాన్సిస్టర్ ఊహలో కూడా లేదు, అయినా ఈనాటి పాదరసం సెన్సర్లలో చాలావాటి కిటుకు ఆ పేరులోనే ఉంది.

ఆ జతే సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోనూ ఉంటుంది. శరీరంలోకి వెళ్లిన పాదరసం ప్రోటీన్లను పట్టి పీడించేది ఈ సిస్టీన్ల దగ్గరే. అంటే సిస్టీన్‌ని చుక్క మీద కూర్చోబెడితే పాదరసం దొరుకుతుంది, పాదరసం ఎరగా వేస్తే సిస్టీన్ దొరుకుతుంది. భార లోహాలు, అమైనో ఆమ్లాలు అనే పొంతన లేని రెండు మాటలు ఒకే సెన్సర్ గురించి చెప్పేటప్పుడు పక్కపక్కన కనిపించడానికి కారణమిదే. హిస్టిడిన్‌కి రాగి, నికెల్ అంటే ఇలాంటి మక్కువే. చుక్క మీద రాగిని ఒక అణువు పట్టుకుని ఉంటుంది. హిస్టిడిన్ వచ్చి ఆ రాగికి తానూ అతుక్కుంటుంది, లేదా లాక్కుపోతుంది. రెండు సందర్భాల్లోనూ ఉపరితలం మీద ఆవేశం మారుతుంది, గీత జరుగుతుంది.

డీఎన్ఏ కూడా రిసెప్టర్‌గా పనికొస్తుంది. థైమిన్ మామూలుగా అడెనిన్‌తో జత కడుతుంది. రెండు థైమిన్ల మధ్య పాదరసం అయాన్ దూరితే అవి రెండూ ఒకదానితో ఒకటి జత కట్టేస్తాయి. ఈ గుణంతో 2004లోనే జపాన్‌లో పాదరసం సెన్సర్ చేశారు. సీసం విషయంలో ఇంకా విచిత్రం. సీసం ఉంటేనే పనిచేసే, కత్తెర లాంటి డీఎన్ఏ పోగుల్ని 1994లో బ్రేకర్, జాయిస్ ప్రయోగశాలలో తయారుచేశారు. సీసం తగలగానే ఆ కత్తెర తన జోడీ పోగుని కత్తిరిస్తుంది. ఆ ముక్క మీద ఋణావేశం ఉంటుంది. ముక్క కొట్టుకుపోతే ఆ ఆవేశం కూడా పోతుంది. గేట్‌కి ఇంతకన్నా స్పష్టమైన కబురు అక్కర్లేదు.

ఆవేశం లేని అతిథి

అమైనో ఆమ్లాల్లో చాలావాటితో వచ్చే చిక్కు ఏమిటంటే, రక్తం పీహెచ్ దగ్గర వాటికి నికర ఆవేశం ఉండదు. ఒక చివర ధనం, ఇంకో చివర ఋణం, రెండూ కొట్టేసుకుంటాయి. ఫినైల్‌అలనిన్ ఈ బాపతే. వోల్టేజ్ తప్ప ఇంకేదీ తెలియని ట్రాన్సిస్టర్‌కి ఇలాంటి అణువు వచ్చి కూర్చున్నా, లేచి వెళ్లినా పెద్ద తేడా తెలీదు.

అందుకే దొడ్డిదారులు వెతికారు. ముందు చెప్పిన రాగి పద్ధతి ఒకటి, వచ్చినవాడికి ఆవేశం లేకపోయినా అప్పటికే ఉన్న ఆవేశాన్ని కదిలించడం. ఇంకోటి ఎంజైమ్ వాడటం: ఫినైల్‌అలనిన్‌ని ముక్కలు చేసి అమ్మోనియా పుట్టించే ఎంజైమ్‌ని చుక్క దగ్గర ఉంచితే, ఆ మార్పుని గేట్ చదువుతుంది. మూడోది అచ్చు పద్ధతి. కావలసిన అణువు చుట్టూ పాలిమర్‌ని గట్టిపడనిచ్చి, తర్వాత అణువుని కడిగేస్తారు. దాని ఆకారంలో గుంట మిగులుతుంది.

ఆ గుంట కుడి ఎడమలు కూడా చూడాలి. గ్లైసిన్ తప్ప మన ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలన్నిటికీ ఎడమ, కుడి రూపాలుంటాయి, రెండు చేతుల్లాగా. బరువొకటే, అందులోని పరమాణువులవే. మన ప్రోటీన్లు వాడేది ఎడమ రూపాన్నే. ఈ తేడాని ప్లాస్మా యంత్రాలు సైతం చూడలేవు, ఎడమచేతి తొడుగు లాంటి రిసెప్టర్ మాత్రం చూస్తుంది.

కాల్షియం గుంపులో సీసం

శుద్ధమైన నీటిలో సీసం ఉప్పు కలిపి పరీక్షిస్తే ఏ సెన్సర్ అయినా బాగానే పనిచేస్తుంది. కుళాయి నీటిలో కాల్షియం లీటరుకి 40 మిల్లీగ్రాములుండటం పెద్ద వింతేం కాదు. అది ఒక మిల్లీమోలార్. మన 48 నానోమోలార్ సీసానికి దాదాపు 20 వేల రెట్లు.

కాల్షియం కన్నా సీసాన్ని వెయ్యి రెట్లు ఎక్కువ ఇష్టపడే రిసెప్టర్ చేశామనుకుందాం. వినడానికి చాలా బాగుంది. కానీ గుంపు 20 వేల రెట్లుంటే, రిసెప్టర్ గూళ్లన్నీ నిండాక లెక్క చూస్తే వంద గూళ్లలో 95 కాల్షియంతో, ఐదు మాత్రమే సీసంతో నిండి ఉంటాయి. ఇష్టం పది లక్షల రెట్లైతేనే అది తిరగబడి 98 సీసానికి, రెండు కాల్షియంకి దక్కుతాయి. పది లక్షల రెట్ల ఎంపిక సాధించడం రసాయన శాస్త్రంలో చిన్న విషయం కాదు.

ఇక్కడే పరిశోధకులు రెండు వర్గాలయ్యారు. తాళానికి సరిపోయే ఒక్క తాళంచెవే కావాలి, రిసెప్టర్‌కి మెరుగులు దిద్దుతూ పోవాలి అన్నది మొదటి వర్గం మాట. రెండో వర్గం ఆ పట్టుదల వదిలేసింది. పది రకాల రిసెప్టర్లు పెట్టండి, ఒక్కోటీ నాలుగైదు లోహాలకి అటూఇటూగా స్పందించినా పర్లేదు, పదీ కలిపి ఇచ్చే నమూనాని చూసి సీసమా, రాగా అని కంప్యూటర్ తేలుస్తుందని వీళ్ల వాదన. నాలుక రుచిని గుర్తుపట్టే తీరు కొంత ఇలాంటిదే. అమైనో ఆమ్లాల అన్నదమ్ములను విడదీయడంలో ఈ పద్ధతి మంచి ఫలితాలిచ్చింది. అయితే నేర్పించినప్పుడు చూడని పదార్థం బొట్టులోకి వస్తే అది తడబడుతుంది. "తెలీదు" అనాల్సిన చోట, తనకు తెలిసిన పేర్లలోనే ఏదో ఒకటి చెబుతుంది. నిజమైన నీటిలో తెలియని పదార్థం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఇది చిన్న లోపమని నేననుకోను.

ఉప్పు వేసే తెర, జారిపోయే సున్నా

ఉప్పు నీటిలో ఆవేశం ఎక్కువ దూరం కనిపించదు. చుట్టూ చేరిన అయాన్లు దాన్ని తెరలా కప్పేస్తాయి. రక్తంలో ఉన్నంత ఉప్పుంటే ఆ తెర మొదలయ్యే దూరం 0.8 నానోమీటరు. పల్చటి నీటిలో, ఒక మిల్లీమోలార్ ఉప్పు దగ్గర, 10 నానోమీటర్లు. పది నానోమీటర్ల పొడవుండే యాంటీబాడీల్ని రిసెప్టర్లుగా వాడేవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. అయాన్లూ అమైనో ఆమ్లాలూ చాలా చిన్నవి, పొట్టి రిసెప్టర్లతో ఉపరితలానికి ఆనుకునే ఉంటాయి కాబట్టి ఇక్కడ దెబ్బ తక్కువ.

అసలు టెన్షన్ పెట్టేది డ్రిఫ్ట్. ఆర్గానిక్ ట్రాన్సిస్టర్‌ని ఆన్ చేసి వదిలేస్తే, నీటిబొట్టు మార్చకపోయినా, గీత తనంతట తానే జరుగుతూ ఉంటుంది. కదిలే ఆవేశాల్లో కొన్ని పొరల మధ్య గుంతల్లో ఇరుక్కుపోవడం దీనికి ముఖ్య కారణం. గది వేడెక్కినా కరెంటు మారుతుంది. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ చిన్నదైతే దానికీ జారే గుణం ఉంటుంది. ఇవన్నీ కలిసి గంటలో తొమ్మిది మిల్లీవోల్టులు జరగడం సాధ్యమే. అప్పుడు పరికరం, ఏమీ మారని నీటిలో సీసం రెండింతలైందని చెబుతుంది.

ఏ సీసాన్ని కొలిచాం?

నీటి ప్రమాణాలు చెప్పేది మొత్తం సీసం సంగతి. ప్రయోగశాలలో నమూనాని ఆమ్లంలో కరిగించి, ఏ రూపంలో ఉన్నా లోహాన్నంతా బయటికి లాగి లెక్కపెడతారు. మన చుక్క పట్టేది స్వేచ్ఛగా తిరిగే అయాన్లని. మట్టి రేణువులకి, కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ ఆమ్లాలకి అతుక్కున్న సీసం దానికి కనిపించదు. కాబట్టి రెండు పద్ధతులూ నిజమే చెప్పి, రెండు వేర్వేరు అంకెలు చూపించొచ్చు. జీవులకి వెంటనే హాని చేసేది చాలావరకు స్వేచ్ఛా అయానే, అందుకే ఆ కొలతకే విలువ ఎక్కువని కొందరంటారు. తాగిన నీరు కడుపులోని ఆమ్లంలోకి వెళ్తుంది, అక్కడ అతుక్కున్నదీ విడుస్తుంది కదా అని మరికొందరంటారు. మొదటివాళ్లు నదిలో చేపని తల్చుకుని మాట్లాడుతున్నారు, రెండోవాళ్లు గ్లాసుని. ఇద్దరి మాటా కొట్టేయలేం.

ఆర్సెనిక్ అయితే మరీ మొండిది. నీటిలో దాని విషపూరిత రూపాల్లో ఒకటైన ఆర్సెనైట్‌కి మామూలు పీహెచ్ దగ్గర ఆవేశమే ఉండదు. లోహ అయాన్ల జాబితాలో పేరుంటుంది గానీ లోహ అయాన్‌లా ప్రవర్తించదు. పాదరసం సంగతీ చూడండి. 1956లో జపాన్‌లోని మినమాటాలో బయటపడ్డ విషాదానికి కారణం చేపల్లో పేరుకున్న మిథైల్ పాదరసం. మామూలు పాదరసం అయాన్ కోసం చేసిన సెన్సర్ దాన్నీ అంతే బాగా పట్టుకుంటుందని చెప్పడానికి లేదు. పైగా పాదరసానికి బంగారంతో కలిసిపోయే గుణముంది. కొలవాల్సిన వస్తువే కొలిచే చుక్కని తినేయగలదు.

ఫెమ్టోమోలార్ గొప్పలు, ట్రాన్సిస్టర్ అవసరం

పరిశోధన పత్రాల్లో ఒక్కోసారి ఫెమ్టోమోలార్ (నానోమోలార్‌లో పది లక్షలో వంతు) స్థాయిలో కనిపెట్టామన్న మాట చూస్తాం. పది మైక్రోలీటర్ల బొట్టులో ఒక ఫెమ్టోమోలార్ అంటే మొత్తం ఆరు వేల అయాన్లు. చదరపు మిల్లీమీటరు బంగారం మీద గంధకంతో అతుక్కునే అణువులు దగ్గర దగ్గరగా పేరిస్తే నాలుగున్నర లక్షల కోట్లు పడతాయి. బొట్టులోని అయాన్లన్నీ వచ్చి అతుక్కున్నా 75 కోట్ల గూళ్లలో ఒకటి నిండుతుంది. ఆ ఒక్కటీ తొమ్మిది మిల్లీవోల్టులు తెప్పించిందంటే, దాన్ని వేరే యంత్రాంగంతో వివరించాలి. అలాంటి వివరణలు ప్రతిపాదించినవాళ్లున్నారు, పొరలో ఒక చోట మొదలైన మార్పు పక్కవాటికి పాకుతుందని. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. అయినా 48 నానోమోలార్ దగ్గర హద్దున్నప్పుడు ఫెమ్టోమోలార్ ఎవరికి కావాలన్న ప్రశ్న నన్ను ఎక్కువ వేధిస్తుంది.

ట్రాన్సిస్టర్ అసలెందుకు అనేవాళ్లూ ఉన్నారు. బంగారు చుక్క మీద వోల్టేజ్ మారుతోంది కదా, మంచి వోల్ట్‌మీటర్ పెడితే సరిపోదా? ట్రాన్సిస్టర్ సంకేతంతో పాటు రొదనీ పెంచుతుంది. చిన్న ఎలక్ట్రోడ్ మీద లోహాన్ని పోగుచేసి మళ్లీ కరిగిస్తూ కరెంటు కొలిచే స్ట్రిప్పింగ్ పద్ధతి ఎప్పటినుంచో ఉంది, చేతిలో పట్టే పరికరాలతోనే సీసాన్ని మైక్రోగ్రాముల్లో చెబుతుంది. ఈ వాదనలో బలముంది. ఇటువైపు జవాబేమిటంటే, బలహీనమైన వోల్టేజ్ పొడవాటి తీగ వెంట వెళ్లేసరికి బయటి రొద కలుస్తుంది, చుక్క పక్కనే ట్రాన్సిస్టర్ ఉంటే ఆ ప్రయాణానికి ముందే పెంచేయవచ్చు. పది రిసెప్టర్ల పట్టీ లాంటివి చేయాలంటే ఇది బాగా పనికొస్తుంది. లోహాన్ని పోగుచేసే ఈ స్ట్రిప్పింగ్ పద్ధతి చాలా అమైనో ఆమ్లాలకి నేరుగా పనికిరాదు కూడా.

సిలికాన్ వైపు వాళ్లకీ చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. 1970లో పీట్ బెర్గ్‌వెల్డ్ అయాన్లకి స్పందించే సిలికాన్ ట్రాన్సిస్టర్‌ని పరిచయం చేశాడు. దాని వారసులు ఈరోజు గాజు బుడ్డి లేని పీహెచ్ మీటర్లలో, డీఎన్ఏ చదివే అయాన్ టోరెంట్ యంత్రాల్లో ఉన్నాయి. డ్రిఫ్ట్ విషయంలో సిలికాన్ నమ్మకమైనది. వాడి పారేసే పట్టీ, ఒంటికి అంటుకునే పట్టీ, పెద్ద విస్తీర్ణంలో అచ్చు వేయాల్సినది అయితే ఆర్గానిక్ వైపు మొగ్గు ఉంటుంది. వాడి పారేసేదానికి డ్రిఫ్ట్ గొడవ కూడా తక్కువే, పది నిమిషాల్లో దాని పని అయిపోతుంది.

రెండో చుక్క

ఇప్పుడు మొదటి పట్టీకి వద్దాం. రెండు చుక్కల్లో ఒకదాని మీదే సీసాన్ని పట్టే రిసెప్టర్ ఉంది. రెండోదాని మీద అంతే పొడవున్న, దేన్నీ పట్టని అణువులు పేర్చారు. రెంటికీ ఒకే రకం ట్రాన్సిస్టర్లు, మీద పడింది ఒకే బొట్టు. గది వేడెక్కితే రెండు గీతలూ జరుగుతాయి. రిఫరెన్స్ జారినా రెండూ కలిసే జారతాయి. ట్రాన్సిస్టర్లలో ఆవేశాలు ఇరుక్కుపోవడం కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తే ఉమ్మడి కదలికలన్నీ చాలావరకు పోయి, చుక్కల మధ్య తేడా మిగులుతుంది. పరిశోధకుడు నోట్సులో రాసుకుంది ఆ మిగిలిన తొమ్మిది మిల్లీవోల్టుల్ని చూసి.

ఈ తీసివేత పట్టుకోలేనిది ఒకటుంది. ఆ బొట్టులో సీసానికి బదులు రాగి వచ్చి రిసెప్టర్ గూళ్లలో కూర్చుందనుకోండి. రాగి అయాన్ మీదా రెండు ధనావేశాలే. మొదటి గీత జరుగుతుంది, రెండోది ఉన్నచోటే ఉంటుంది, తెర మీద తేడా అప్పుడూ తొమ్మిదే చూపిస్తుంది.